శనివారం మింగేసిన ప్రకటన

3 ఫిబ్రవరి 1986, సోమవారం

రేడియో స్టేషన్‌లో మొదటి రోజు. పదకొండేళ్ళు స్కూలు వంటగదిలో గరిటె తిప్పిన దాన్ని, ఇప్పుడు ట్రాఫిక్ డిపార్ట్‌మెంట్. డిపార్ట్‌మెంట్ అంటే నేనూ, ఒక కిటికీ. ఏ లారీలు తోలతావే అని మా ఆయన అడిగాడు. ఏ ప్రకటన ఏ నిమిషానికి రావాలో రాసే పని అని చెబితే, దానికి కూడా మనిషి కావాలా అన్నాడు. పొలం పోయాక ఇంట్లో జీతం నాదొక్కటే, అందుకని ఎక్కువ ఎగతాళి చేయలేదు.

గోల్డెన్ శాడిల్ ప్రోగ్రాం సంగతి ఇవాళే తెలిసింది. శనివారం పొద్దున గంటసేపు వచ్చే ఆ పాటలు మా ఊళ్ళోనే తయారవుతాయనుకునేదాన్ని. కాదు. లాస్ ఏంజెలెస్ నుంచి వారం వారం పోస్టులో రికార్డు వస్తుంది. దానికి మేం సెంటు కూడా ఇవ్వం. బదులుగా వాళ్ళ ప్రకటనలు రికార్డులోనే పాటల మధ్య కలిపి పంపుతారు, అవి తప్పకుండా వేయాలి. మాకు కొన్ని ఖాళీలు వదులుతారు, అవి మేం అమ్ముకోవచ్చు. పాటలు ఊరికే ఇచ్చి మా ఊరి చెవులు పట్టుకెళ్తారన్నమాట. ఈ బేరం మొదట ఎవరికి తట్టిందో గానీ మహా గట్టివాడు.

ఖాళీల్లో ఏముంటుందా అని రికార్డు పెట్టుకుని విన్నాను. ఎవరో గిటారు వాయిస్తున్నారు, ఎవరూ వినరని తెలిసినట్టు, తీరిగ్గా.

5 ఫిబ్రవరి

ఖాళీలన్నీ లైల్ ఆకర్‌మన్‌వే. హైవే మీద ట్రక్కులు అమ్ముతాడు. మెయిన్ స్ట్రీట్‌లో సగం కొట్లు మూతపడ్డాక మా స్టేషన్‌ని నిలబెడుతున్నది అతనే అని వెర్న్ అన్నాడు. వెర్న్ అంటే మా ఓనరు, మేనేజరు, పొద్దుటి వార్తలు చదివేదీ ఆయనే.

8 ఫిబ్రవరి, శనివారం

సెలవైనా వెళ్ళాను. ప్రోగ్రాం ఎలా నడుపుతారో చూడాలని.

వెర్న్ కూర్చుని నడుపుతున్నాడు. నేను పక్కన హెడ్‌ఫోన్స్‌లో రికార్డు వింటున్నాను. రెండో పాట అయ్యాక వాళ్ళ ప్రకటన మొదలైంది. అదీ ట్రక్కు ప్రకటనే, లైల్‌కి పోటీ కంపెనీది. వెర్న్ టక్కున రికార్డు నాబ్ కిందికి దించేసి లైల్ టేపు వేశాడు. బయటికి వెళ్తున్నది లైల్ గొంతు, రండి, కాఫీ వేడిగా ఉంది అంటూ. నా చెవిలో మాత్రం అతని పోటీదారు. నిమిషం అయ్యాక నాబ్ పైకి. అతుకు తెలియలేదు. చెయ్యి తిరిగిన పని, మెచ్చుకోబోయి ఆగాను.

ఇదేంటి అంటే, డబ్బులిచ్చి కూర్చోబెట్టిన వాడి కంచం పక్కనే పోటీ వాడికి ఉచితంగా వడ్డిస్తానా, లైల్ ఊరుకుంటాడా అన్నాడు. ఎన్నాళ్ళుగా అని అడిగితే కాఫీ తాగుతావా అన్నాడు.

10 ఫిబ్రవరి

కాఫీ ఎందుకిచ్చాడో ఇవాళ అర్థమైంది. వారం వారం కంపెనీకి ప్రమాణ పత్రం పంపాలి. మీ ప్రకటనలన్నీ ఫలానా టైముకి వేశాం అని, నోటరీ ముందు ప్రమాణం చేసి. చేయాల్సింది ట్రాఫిక్ మనిషి. అంటే నేను. దాన్ని చూపించే వాళ్ళు అక్కడ ట్రక్కు కంపెనీ దగ్గర డబ్బులు వసూలు చేసుకుంటారు.

ఊళ్ళో నోటరీ ఒక్కతే. బ్యాంకులో మావిస్. లైల్ పెళ్ళాం.

నాకు ముందున్న ఆవిడ తెస్తే చదవకుండానే స్టాంపు గుద్దేసి కబుర్లలో పడేదట. ప్రతి శనివారం ఆ ప్రకటన మింగేసి వేసిన మొగుడి గొంతు సొంత వంటింట్లో కూర్చుని విన్న మనిషి, సోమవారం అది వచ్చిందన్న ప్రమాణానికి సాక్షి. ఈ ఊరికే చెల్లు.

నా వల్ల కాలేదు. భక్తి అనుకుంటే పొరపాటు, చేయెత్తి అబద్ధం చెప్పాలంటే సిగ్గేసింది, అంతే. ఆ ట్రక్కు ప్రకటన ఎదురుగా 'వేయలేదు' అని రాసి సంతకం పెట్టాను. మావిస్ ఈసారి చదివింది. అర్డిత్, సంతకం నీది, స్టాంపు నాది, ట్రక్కులు ఆయనవి, ఎవరిది వాళ్ళం చూసుకుందాం అని గుద్దింది.

11 ఫిబ్రవరి

పోస్టులో వేశాను.

13 ఫిబ్రవరి

ఫైల్లో నకలు చూసి వెర్న్‌కి తెలిసిపోయింది. అరవలేదు, అందుకే భయం వేసింది. వాళ్ళు ప్రోగ్రాం పీకేస్తారు, ప్రోగ్రాం పోతే లైల్ పోతాడు, లైల్ కంటే ఒక రోజు ముందు నువ్వు పోతావు అన్నాడు. మాయిశ్చరైజర్ రాసినంత మెత్తగా అన్నాడు. ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పలేదు. రాత్రి భోజనానికి పెట్టిన మీట్‌లోఫ్ మాడ్చాను.

17 ఫిబ్రవరి, మధ్యాహ్నం

లాస్ ఏంజెలెస్ నుంచి ఫోన్. రొండా అట, ఈ పత్రాలన్నీ చేరేది ఆవిడ దగ్గరికే. తిడుతుందని నిలబడి మాట్లాడాను.

తిట్టలేదు. మూడొందల స్టేషన్లమ్మా, ప్రతి వారం అందరూ అన్నీ వేశామనే రాస్తారు, 'వేయలేదు' అన్న మాట నా సర్వీసులో ఇదే మొదటిసారి చూడటం అంది. పొరపాటున రాశావా అని అడిగింది. లేదు, పొరపాటు మిగతా వారాలది అన్నాను.

నాకూ ఒకటి అడగాలనిపించింది. ఆ మూడొందల్లో ఒక్కటైనా విన్నారా అని. ఇక్కడికెలా వినిపిస్తాయి, రికార్డులు పంపడమే గానీ అవి గాల్లోకి వెళ్ళడం ఎప్పుడూ వినలేదు అంది.

రూలు చెప్పింది. పోయిన నిమిషాన్ని అంతకు తక్కువ కాకుండా జనం వినే టైములో మళ్ళీ వేసి పూడ్చాలి, ఫోన్‌లో తనకి వినిపించాలి. లేకపోతే ప్రోగ్రాం వెనక్కి తీసుకుంటారు. మీ ఊళ్ళో అందరూ వినే టైము ఏది అంది. పన్నెండు గంటలు, పందుల ధరలు, తర్వాత చావులు అన్నాను. చావులేంటి అంది.

18 ఫిబ్రవరి

రేపు పన్నెండింటికే ఆ ప్రకటన వేస్తున్నానని లాగ్ పుస్తకంలో రాసేశాను. ఏ నిమిషం ఎవరిదో రాసేది నేనే కదా. వెర్న్ చదివి లైల్‌కి ఫోన్ చేశాడు.

గంటలో లైల్ ఊడిపడ్డాడు. శనివారం పాటలప్పుడు కుర్రకారు వింటారు, పన్నెండింటికి వినేది కొనేవాళ్ళు, నా కొంప ముంచుతావా అన్నాడు. మీ కోసం దాచిన నిమిషమే కదా, బయటికి తీస్తే ఇదిగో ఇంత అయింది అన్నాను. అయితే దాని వెంటనే నాది వెయ్యి అన్నాడు. ట్రక్కు పక్కన ట్రక్కు పెట్టకూడదు, అది మీకూ వాళ్ళకీ ఒకటే రూలు అన్నాను. చివరికి, ఇకమీద దాన్ని శనివారం దాని చోటే ఉండనీ, మళ్ళీ ఇటు తేకు అని టోపీ పెట్టుకున్నాడు. వెర్న్ నా వైపు చూడకుండా, రేపు ఆ ఆవిడ ఏమంటుందో చూద్దాం అన్నాడు. నా ఉద్యోగం ఇప్పుడు టెలిఫోన్ తీగ మీద ఉంది.

19 ఫిబ్రవరి, పన్నెండున్నర

రిసీవర్‌ని స్పీకర్‌కి ఆనించి పట్టుకున్నాను. పందుల ధరలు. ఎమిల్ వాస్ మరణించారు, శుక్రవారం లూథరన్ చర్చిలో, తర్వాత బేస్‌మెంట్‌లో భోజనాలు. ట్రక్కు, పూర్తిగా.

సరిపోయింది, ప్రోగ్రాం మీ దగ్గరే ఉంటుంది అంది రొండా. వెర్న్‌కి తలూపాను. ఆవిడ ఫోన్ పెట్టలేదు.

ఎమిల్‌కి ఎంత వయసు అని అడిగింది.