అంగూర్ వాసన

కొడుకా దావీదూ, ఈ రోజు నా సంతోషానికి పట్టపగ్గాలు లేవు. దవాఖానలో నర్సు పని చేసే మీ చెల్లె మరియ ఒక కాజీపేట కూలీ కాలు నిలబెట్టింది. కట్టు విప్పకముందే పుండు వాసన పసిగట్టి, డాక్టరమ్మకు చెప్పి సిర్కాతో, అదే వెనిగర్‌తో, కడిగించిందట.

"అంగూర్ వాసన బాపూ, పండిన ద్రాక్ష లెక్క. కంటికి కనపడని పురుగులు పుండును తినుకుంట వదిలే వాసనది. మంచిగనే ఉంటది గని మనిషిని చంపుతది" అంది.

ఆనాడు నీ కాలి పుండు అట్లాగే గుబాళిస్తే, ప్రభువే మన ఇంటికి వచ్చాడని వాడకట్టంతా చెప్పుకున్నాను. దవాఖానకు తీసుకుపోకుండా పాటలు పాడించాను. మూడో రోజుకు నువ్వు లేవు. అప్పుడు మరియకు రెండేళ్లు.

"ఏడుస్తానవేంది బాపూ?" అని అడిగింది.

"సంతోషం బిడ్డా" అన్నాను. ఆ మాట నిజమే, కొడుకా. మిగతాది దానికి చెప్పలేక నీకు రాస్తున్నాను.