తొమ్మిదో అంతస్తు నీళ్ళు

శుక్రవారం, సంత నుంచి వచ్చాక

వచ్చే వారం మా పెద్దలు కల్లు కుండ పట్టుకుని చిలకమ్మని నాకిమ్మని అడగడానికి వాళ్ళింటికి వెళ్తారు. ఆమేమో విశాఖలో అక్కాబావల అపార్టుమెంటులో నాలుగు రోజులుండి వచ్చింది. ఇవాళ సంతలో టీ తాగినంతసేపూ అదే గోల. లిఫ్టంట, గేటు కాడ సెక్యూరిటీ అంట, వానొచ్చినా తెలీదంట. బావ అంత మంచోడు లేడంట. నాకు ఒళ్ళు మండిపోయింది.

"మీ బావ అక్కడ కాఫీ గింజలు ఎక్కడ ఆరబెడతాడు? కోళ్ళు ఎక్కడ పెంచుతాడు? డప్పు కొడితే ఊరుకుంటారా? పక్కింటోడి పేరేటో అయినా తెలుసా?" అని దులిపేశాను.

ఆమె నవ్వలేదు. "నువ్వన్నవన్నీ నిజమే. కానీ అక్కడ నీళ్ళు తొమ్మిదో అంతస్తుకి వాటంతటవే ఎక్కుతాయి. ఇక్కడ కొండ కింద ఊట కాడి నుంచి బిందెతో నేనెక్కాల. మీ ఇంటికొచ్చినా నేనే ఎక్కాల కదేటి?" అంది.

మా ఇంట్లో నీళ్ళు మోసేది అమ్మే.

ఇన్నాళ్ళూ ఆ బావంటేనే కుళ్ళు. ఇప్పుడు వాళ్ళ కుళాయంటే కూడా. రేపు బిందె పట్టుకుని ఊటకి దిగుతాను. జతగాళ్ళు నవ్వితే నవ్వనీ వెధవల్ని. చిలకమ్మ అటు వచ్చే వేళకే దిగాలి...