పద్నాలుగో నంబరు సీసా

ఇది నేను బతికి ఉండగా, తెలివితో, నా చేత్తో రాసుకుంటున్న వీలునామా. నా వయసు డెబ్బై ఆరు. అగ్నిపర్వతాల వాయువులనూ, వాటి అడుగున కరిగి ఉండే శిలాద్రవాన్నీ పరిశోధించే సంస్థలో ముప్పై నాలుగేళ్లు రసాయన శాస్త్రవేత్తగా పనిచేశాను. నా బుద్ధి స్థిమితంగానే ఉందని ఎదురింటి డాక్టరుగారు ఈ పొద్దున నిర్ధారించారు. వందలోంచి ఏడేసి తీసేస్తూ రమ్మన్నారు. ముప్పై దగ్గర ఆయనే లెక్క తప్పితే నేను సరిదిద్దాను. ఎవరి ఒత్తిడీ, ప్రోద్బలమూ నా మీద లేవు. ఇంతకుముందు రాసినది దీనితో రద్దు.

1. ఈ వీలునామాను అమలుపరిచే బాధ్యత మా చెల్లెలి కూతురిది. అది చిన్నప్పటి నుంచీ మాట మీద నిలబడే పిల్ల. నా మీద కోపం వచ్చినా సరే ఇందులోని ప్రతి అక్షరమూ జరిపించవలెను. అయిదో అంశం చదివాక కోపం వస్తుంది కూడా.

2. ఇంటి మేడమీది వాటా మా చెల్లెలికి సర్వహక్కులతో చెందవలెను. నా బట్టల్లోని గంధకం కంపు వల్లే నాకు పెళ్లి కాలేదని ఆమె చుట్టాలందరికీ చెబుతూ వచ్చింది. ఇది నేను మరచిపోలేదు. ఒంటరిగా ఉండటం నాకిష్టం, అంతే. అయితే నేను కొండెక్కిన ప్రతిసారీ దిగి వచ్చేదాకా ఆమె అన్నం ముట్టకుండా ఫోను పక్కనే కూర్చునేదని మా మరిది పోయేముందు నాతో చెప్పాడు. ఆ సంగతి ఆమె ఈనాటికీ ఒప్పుకోదు. మేడ మాత్రం తీసుకోక తప్పదు.

3. నా కొండ బూట్లు, మాస్కు, ఆవిరి పట్టడానికి కొండ బిలంలోకి దూర్చే టైటానియం గొట్టం చెల్లెలి కూతురికి. ఆరేళ్లప్పుడు ఆ మాస్కు తగిలించుకుని ఇల్లంతా తిరిగి, ఊపిరాడక ఏడ్చింది. రబ్బరు పాడైపోయింది తల్లీ, పెట్టుకోకు. ఊరికే దాచుకో.

4. నా నోటు పుస్తకాలు యాభై రెండూ మా సంస్థలో నాతో పాతికేళ్లు పోట్లాడిన పొడుగాయనకు ఇవ్వవలెను. కొండ అడుగున కొత్త శిలాద్రవం చేరుతోందని ఆయన అన్నారు. పాతదే చల్లారుతోందని నేనన్నాను. ఆయన చెప్పిందే నిజం. ఆ మాట ఒప్పుకుంటూ సంస్థ పత్రికకు రాసిన ఉత్తరం మొదటి పుస్తకంలో పెట్టాను. నా తదనంతరం దాన్ని అచ్చు వేయించవలెను. అది చదివినప్పుడు ఆయన ముఖం వెలిగిపోతుంది. దాన్ని కళ్లారా చూడక్కర్లేదన్నదే నా ఊరట.

5. ఇది ఆస్తి కాదు. అయినా నలభై ఒక్క ఏళ్లుగా నా దగ్గరే అట్టిపెట్టుకున్నాను కనుక ఇక్కడ రాయాలి.

బిలంలోంచి వచ్చే ఆవిరిని మేం గాజు సీసాల్లో పడతాం. సీసాలో సగం దాకా కాస్టిక్ సోడా ద్రావణం పోసి, మిగతా గాలంతా పంపుతో లాగేసి, బిరడా బిగిస్తాం. కొండ మీద ఆ బిరడా తిప్పితే ఆవిరి తనంతట తానే లోపలికి దూసుకొస్తుంది. బిరడా వెంట్రుకవాసి వదులైనా బయటి గాలి చొరబడి నమూనా పాడవుతుంది. ఆ సీసాలన్నీ మా సంస్థలో గాజు మేస్త్రి చేసేవారు. ఆయన చేతి సీసా లీకవడం నేను ఎరగను.

శిలాద్రవం లోతు నుంచి పైకి వస్తూ ముందుగా బొగ్గుపులుసు వాయువును విడిచిపెడుతుంది. గంధకం బాగా పైకొచ్చాక గానీ వదలదు. కాబట్టి గంధకంతో పోలిస్తే బొగ్గుపులుసు వాయువు ఉన్నట్టుండి పెరిగిందంటే, అడుగున కొత్త సరుకు బయలుదేరిందని భయపడాలి. నలభై ఒక్క ఏళ్ల కిందట నేను, కొండ చల్లారుతోందని వ్యాసం అచ్చువేసి బహుమతి కూడా అందుకున్నాను. మరుసటి నెల తెచ్చిన పద్నాలుగో నంబరు సీసాలో ఆ నిష్పత్తి రెట్టింపు దాటింది. నేను చేయవలసింది, కొండ కింది ఊళ్లకు కబురు పంపించడం. చేసింది, రిజిస్టరులో "సీసా లీకు, నమూనా తిరస్కరించడమైనది" అని రాయడం.

లీకైతే బయటి గాలితోపాటు అందులో ఉండే ఆర్గాన్ వాయువు కూడా లోపలికి రావాలి. ఆర్గాన్ పెరగలేదు. ఆ అంకె నేను చూశాను. చూసే రాశాను. తొందరలో జరిగిన పొరపాటని నన్నెవరూ వెనకేసుకు రావద్దు. నా వ్యాసం తప్పవుతుందని భయపడ్డాను, అదే కారణం.

పంతొమ్మిదో రోజున, పట్టపగలు, కొండ పేలింది. గాలి అవతలివైపుకు వీయబట్టి మనుషులు బతికారు. అది గాలి చలవ, నాది కాదు. ఇళ్లూ పొలాలూ బూడిద కింద పూడిపోయాయి. అది పాత వేడికి నీళ్లు ఆవిరై పేలడమేనని ఆ తరవాత కూడా పొడుగాయనతో వాదిస్తూ వచ్చాను. ముందుగా ఎందుకు హెచ్చరించలేదని విచారణ కమిటీ వేశారు. సీసా లీకైందా అని నన్నడిగితే రిజిస్టరులో ఉన్నదే నిజమన్నాను. ఆ సీసా ఎవరు చేశారని అడిగారు. చెప్పాను. లీకైనా సరే ఆ నిష్పత్తి అంతలా మారదని తెలిసినవాడు ఆ కమిటీలో ఒక్కడున్నా నన్ను అక్కడికక్కడే పట్టుకునేవాడు.

గాజు మేస్త్రిని ఉద్యోగంలోంచి తీసేశారు. లీకు సీసాలవాడని పేరు పడ్డాక ఇంకే ప్రయోగశాలా ఆయన్ని గడప తొక్కనివ్వలేదు. దుకాణాల మీద రాత్రిళ్లు వెలిగే బోర్డులకు గాజు గొట్టాలు వంచుతూ కాలం గడిపారు. వెళ్లిపోయే రోజున నా గది గుమ్మంలో నిలబడి, "ఆ సీసా ఓసారి చూపిస్తారా మేడమ్? ఎక్కడ తప్పు చేశానో చూసుకుంటా" అన్నారు. పగిలిపోయిందని చెప్పాను. అదీ అబద్ధమే. అది నా అలమరాలో ఉంది. ఇన్నేళ్లలో నాకు నిద్ర పట్టని రోజులు లేవని చెప్పలేను, కానీ పట్టిన రోజులే ఎక్కువ. అందుకే ఇంకా సిగ్గుగా ఉంది.

పద్నాలుగో నంబరు సీసా లీకు కాలేదు. అబద్ధం నాది.

6. సదరు సీసానూ, నా ఇంటి కింది వాటానూ, వెనక ఉన్న షెడ్డుతో సహా, గాజు మేస్త్రికి రాసి ఇస్తున్నాను. ఆయన అద్దె ఇంట్లో కొలిమి పెట్టుకోనివ్వరని విన్నాను. ఈ షెడ్డులో పెట్టుకోవచ్చు. దీనితో నా తప్పు మాసిపోతుందని అనుకునేంత వెర్రిదాన్ని కాను.

7. సంతకాలకు ముందు చేర్చినది.

ఇదంతా నేను పోయాక తెలిస్తే చాలుననుకున్నాను. మా చెల్లెలు నా వెనక నిలబడి చదివేసింది. "అక్కా, ఆయనకు ఎనభై ఒకటి. నువ్వే ముందు పోతావని ఎవరైనా రాసిచ్చారా?" అంది. కారు పంపి ఈ మధ్యాహ్నం ఆయన్ని పిలిపించాం.

వచ్చి, సంతకాలు జరిపించడానికి వచ్చి ఉన్న లాయరుగారి పక్కన కూర్చుని, భూతద్దం పెట్టి అయిదో అంశం రెండుసార్లు చదివారు. సీసా చేతికిస్తే కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, బిరడా చుట్టూ వేలు తిప్పి చూసుకున్నారు. నా వైపు చూడలేదు. క్షమించాననలేదు. అడిగే ముఖం నాకూ లేదు. ఈ కాగితం కింద సాక్షులు సంతకం పెడతారా అని లాయరుగారిని అడిగారు. పెడతారని ఆయన చెప్పగానే, ఒక సాక్షిని నేనే అన్నారు.

సాక్షిగా సంతకం పెట్టినవాడికి ఆ వీలునామా కింద ఏమీ దక్కదు. చట్టం అంతే. సీసా అంటే ఇప్పుడే చేతికిచ్చేశాను, ఇల్లు మాత్రం పోతుంది. లాయరుగారు విడమరిచి చెప్పారు. నేను కోప్పడ్డాను, బతిమాలాను, సాక్షులకు వీధిలో కరువా అని అరిచాను. నేను అరవడం పూర్తయ్యాక ఆయన అన్నారు:

"ఇల్లు వద్దు మేడమ్. ఆ కమిటీ కాగితంలో సీసా లీకైందని రాసి, పక్కన నా పేరు రాశారు. లీకు కాలేదని రాసిన కాగితం ఇదొక్కటే. దీంట్లో నా పేరు ఉండాలి."

కాబట్టి ఆరో అంశం కొట్టివేస్తున్నాను. కింది వాటా, షెడ్డు చెల్లెలి కూతురికి చెందవలెను. నాలుగో అంశంలోని ఉత్తరం నా తదనంతరం కాదు, అయిదో అంశం నకలు జతచేసి ఈ రోజే పంపించాను. పొడుగాయన ముఖం చూడక తప్పదు.

పై ఏడు అంశాలూ చదువుకుని, సమ్మతించి, ఈ కింది ఇద్దరి ఎదుట సంతకం చేస్తున్నాను.

మార్చి నెల పదకొండో తేదీ, బుధవారం, సాయంత్రం నాలుగున్నర.

(సంతకం) వీలునామా రాసినది, వాయువుల విభాగం మాజీ శాస్త్రవేత్త

సాక్షులు:

(సంతకం) ఎదురింటి డాక్టరు

(సంతకం) గాజు మేస్త్రిని. పద్నాలుగో నంబరు సీసా చేసింది నేనే.