టెస్టెడ్-బై వదిన

మార్చి 3, మంగళవారం

కాదు గారి నుంచి మెయిల్ వచ్చింది. కెర్నెల్‌లో, అంటే మెషీన్‌ని లోపల్నుంచి నడిపే అసలు ప్రోగ్రామ్‌లో, ఫ్లాష్ మెమరీ విభాగానికి ఆయనే పెద్ద. అసలు పేరు వేరే ఉంది. కానీ ఎవరు ఏ ప్యాచ్, అంటే దిద్దుబాటు, పంపినా ఆయన జవాబు "కాదు"తోనే మొదలవుతుంది కాబట్టి మా ఇంట్లో అందరికీ ఆయన కాదు గారే. ఈసారి నేను ఏమీ పంపకుండానే కాదన్నారు. నా డ్రైవర్‌ని వాడుతున్నవాళ్లెవరూ ఉన్నట్టు లేదట. తర్వాతి వెర్షన్‌లో తీసేస్తారట. ఎవరైనా వాడుతుంటే చెప్పమన్నారు.

అంత పెద్ద కెర్నెల్‌లో నా పేరున్న ఫైల్ అదొక్కటే. ఓ పాత కంట్రోలర్‌తో కెర్నెల్ మాట్లాడటానికి రాసిన డ్రైవర్. ఫ్లాష్ చిప్‌కీ కెర్నెల్‌కీ మధ్య రాయబారం నడిపే చిన్న చిప్ ఆ కంట్రోలర్. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఇప్పుడు ఎవరు వాడుతున్నారంటే, నాకు తెలిసి ఒక్క మనిషే. మా వదిన.

కడుపు మండిపోయింది. భోజనం చేశాక కొంచెం తగ్గింది.

మార్చి 4

వాడుతున్నారు అని జవాబు రాశాను. వదిన అని రాయలేదు. "ఒక ఎంబ్రాయిడరీ వర్క్‌షాప్" అని గొప్పగా రాశాను.

మార్చి 6, శుక్రవారం, ఉదయం

ఏ ముహూర్తాన ఆ మాట రాశానో గానీ, పొద్దున్నే వదిన ఫోన్. ఎంబ్రాయిడరీ మెషీన్ లేవడం లేదట. ఆడపడుచు గారూ, మీ కెర్నెల్ నిద్రపోయింది, వచ్చి లేపుకోండి అంది.

ఆ మెషీన్‌లో మొదట ఉన్న సాఫ్ట్‌వేర్ పాడైనప్పుడు నేనే అందులో మా కెర్నెల్ పెట్టాను. అప్పటినుంచీ దారం తెగినా, సూది విరిగినా, ఆఖరికి గదిలో బల్బు పోయినా తప్పు కెర్నెల్‌దే, అంటే నాదే.

సాయంత్రం

దొరికింది. ఫ్లాష్‌లో ఖాళీ పేజీ అంటే అన్నీ ఒకట్లే. ఏళ్లు గడిచేకొద్దీ ఒకటీ అరా వాటంతటవే సున్నాలవుతాయి, తెల్ల కాగితం మీద మచ్చ పడ్డట్టు. కంట్రోలర్‌కి ఇది అర్థం కాదు. రాసిన పేజీ ఏదో చెడిపోయిందనుకుని గగ్గోలు పెడుతుంది. అది విని కెర్నెల్ హడలిపోయి మెషీన్‌ని లేవనివ్వదు.

మందు సులువే. సున్నాలు లెక్కపెట్టి, నాలుగైదుకి మించకపోతే అది ఖాళీ పేజీయే అని ఒప్పుకోవాలి. ఇంత చిన్నదానికి అంత రాద్ధాంతం.

వదిన మెషీన్ వెనక గోడంతా దారం కండెలు. వాటి పక్కనే మడత పెట్టిన ఆప్రాన్ల దొంతర. వీధి మూల మీద కొత్త బేకరీ తెరుస్తున్నారు. ఆప్రాన్ జేబు మీద అయిదు రేకుల పువ్వు కుట్టాలి. బేకరీ ఆయన రెండుసార్లు వచ్చి చూసి వెళ్లాడట. మూడోసారి వస్తే నిన్నే చూపిస్తాను అంది వదిన.

మార్చి 8

ప్యాచ్ పంపాను. కాదు గారు "కాదు" అనలేదు! "సరే, కానీ" అన్నారు. ఆ కానీ ఏమిటంటే, నేను కాకుండా ఇంకొకరు నిజమైన మెషీన్ మీద నడిపి చూసి, తమ పేరుతో, తమ మెయిల్ నుంచి "టెస్టెడ్-బై" అని రాయాలి. శుక్రవారంలోగా అది అందితే డ్రైవర్ ఉంటుంది. లేకపోతే పోతుంది.

మార్చి 9

వదినకి చెప్పాను. ఇదేమైనా హామీ సంతకమా, రేపు ఎవరైనా వచ్చి నన్ను పట్టుకుంటారా అని అడిగింది. అదేం లేదు, పనిచేసింది అని ఒక్క ముక్క రాసి పేరు పెట్టడమే అన్నాను. అయితే ముందు పనిచెయ్యనీ అంది.

అన్నయ్య నవ్వి టీ పెట్టడానికి వెళ్లిపోయాడు. ఆయన తెలివైనవాడు.

మార్చి 10, మంగళవారం

మెషీన్ లేచింది. గాల్లో తేలిపోయాను.

తర్వాత వదిన మెషీన్‌కి ఆప్రాన్ బిగించి పువ్వు మొదలుపెట్టింది. సూది టకటకా కుట్టేసి, పూర్తయింది అని చూపించింది. పువ్వుకి నాలుగు రేకులు. అయిదో రేకు ఉండాల్సిన చోట ఉత్త గుడ్డ.

నేనే ముందు చూశాను. అయినా దారం ఎక్కడో తప్పిందేమోలే అన్నాను. వదిన ఇంకో ఆప్రాన్ బిగించింది. మళ్లీ నాలుగే.

మెషీన్ లేవడం వరకే ఈ ప్యాచ్, లేచింది కదా, రాసెయ్యి అన్నాను. ససేమిరా అంది. నాలుగు రేకులు కుట్టి పనిచేసిందని నా పేరు పెట్టమంటావా, నా పేరేమైనా దారిలో దొరికిందా అంది. నాకు ఒళ్లు మండింది. ఒక్క రేకు కోసం నా డ్రైవర్‌ని పీకేయిస్తావా అని అరిచాను. అరిచి, టీ కూడా తాగకుండా వచ్చేశాను.

టీ తాగి రావాల్సింది.

మార్చి 11

వదినకీ నాకూ మాటల్లేవు. అన్నయ్య ఇద్దరికీ విడివిడిగా ఫోన్ చేసి ఎండల గురించి మాట్లాడుతున్నాడు.

మార్చి 12, గురువారం

వదినదే రైటు. రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ, వదినదే రైటు.

డిజైన్‌లో "అయిదో రేకు ఇక్కడ మొదలు" అన్న చిన్న గుర్తు ఒక్కటే ఉన్న పేజీ ఒకటుంది. మిగతా పేజీ అంతా ఖాళీ. నా ప్యాచ్ దాన్ని చూసి, నాలుగే సున్నాలున్నాయి, మచ్చలై ఉంటాయిలే అని తుడిచి కెర్నెల్ చేతిలో పెట్టింది. ప్రతి పేజీకీ పక్కన ఓ అంచు ఉంటుంది. పేజీలో ఏదైనా రాస్తే కంట్రోలర్ ఆ అంచులో తన సరిచూపు గుర్తులు నింపుతుంది. నిజంగా ఖాళీ పేజీ అయితే అంచు కూడా ఖాళీగా ఉంటుంది. నేను పేజీని చూశాను. అంచుని చూడలేదు.

వదిన ఆ ఒక్క ముక్క రాసి ఉంటే ఈ తప్పు నా పేరుతో, ఆమె పేరుతో అందరి మెషీన్లలోకీ వెళ్లిపోయేది. ఎవరికీ గగ్గోలు వినిపించేది కాదు. రేకులు మాత్రం చప్పుడు లేకుండా రాలేవి.

సిగ్గేసింది. కానీ తప్పు దొరికిన సంతోషం ముందు సిగ్గు ఎంతసేపు నిలుస్తుంది? కాసేపట్లో కూనిరాగం తీస్తూ కొత్త ప్యాచ్ రాసేశాను.

వదినకి ఫోన్ చేసి, నువ్వన్నదే రైటు అన్నాను. సరిగ్గా వినిపించలేదు, మళ్లీ చెప్పు అంది. మళ్లీ చెప్పాను. మీ అన్నయ్య పక్కనే ఉన్నారు, స్పీకర్‌లో పెడతాను, ఇంకోసారి అంది.

మార్చి 13, శుక్రవారం

అయిదు రేకులు!

నేను ఎగిరి గంతేశాను. వదిన గంతెయ్యలేదు. మెషీన్ ఆపి, మళ్లీ వేసి, ఇంకోటి కుట్టింది. తర్వాత వేరే డిజైన్. తర్వాత మళ్లీ పువ్వు. గడువు ఈ రోజే వదినా అంటే, నీ గడువు నీది, నా పేరు నాది అంది. నా తల ప్రాణం తోకకొచ్చింది. గోళ్లన్నీ కొరికేశాను.

చివరికి కళ్లజోడు పెట్టుకుని టైప్ చెయ్యడానికి కూర్చుంది. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు రాసింది. వాళ్ల పెళ్లికార్డు తర్వాత ఆ పేరు మొత్తంగా నేనెక్కడా చూడలేదు. ఒక్కో అక్షరం నొక్కుతుంటే పక్కన నిలబడి చూశాను.

మెషీన్ ఫోటోలు రెండు కూడా జత చేసింది. ఎవరూ అడగలేదు.

రాత్రి భోజనాల వేళకి కాదు గారి జవాబు వచ్చింది. ప్యాచ్ తీసుకున్నాం, డ్రైవర్ ఉంటుంది అన్నారు. కింద ఇంకో వాక్యం, ఇంత శ్రద్ధగా పరీక్షించినందుకు కృతజ్ఞతలు అని. అది వదినకి. నాకు ఏమీ లేదు.

ఫర్వాలేదు. చాలా సంతోషంగా ఉంది.

మార్చి 21, శనివారం

బేకరీ తెరిచారు. లోపల అందరి జేబుల మీదా పువ్వులే. వదిన బన్ను తింటూ కౌంటర్ దగ్గర మనిషి మనిషికీ రేకులు లెక్కపెట్టింది. నేనూ లెక్కపెట్టాను, ఆమెకి కనపడకుండా.

ఏప్రిల్ 17

ఎవరో ముక్కూ మొహం తెలియని డెవలపర్ వదినకి మెయిల్ రాశాడట. అదే కంట్రోలర్ మీద తన ప్యాచ్ కూడా పరీక్షించి పెట్టమని. కెర్నెల్‌లో ఆమె పేరు చూశాడట. వదిన నాకు చెప్పకుండానే జవాబిచ్చేసింది. ఏమని రాశావంటే, అది టెస్టర్‌కీ డెవలపర్‌కీ మధ్య విషయం అంది.

మే 6

కొత్త ప్యాచ్ పంపాను. కాదు గారు సరే అన్నారు. వదిన కాదంది.