చేలో పాత చీరలు, చెన్నమ్మ గారి మాట: వీడియో తీసేయమన్న మెమోపై మనవి

రిజిస్ట్రారు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: వేరుశనగ చేల చుట్టూ పాత చీరలు కట్టి అడవిపందులను ఆపుటపై నా పరిశోధన వీడియోను తొలగించమన్న మెమో రద్దు గురించి.

తమ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థిని లహరి మనవి చేసుకొనునది ఏమనగా:

1. సదరు పరిశోధన నిరుడు ఒక ఇంగ్లీషు పత్రికలో అచ్చయినది. చదివినవారు నేను, మా గైడు గారు. గైడు గారి విషయంలో నాకు అనుమానమే.

2. రైతులెవరూ ఆ పత్రిక తెప్పించుకోరు. కనుక కుందుర్పిలో ప్రయోగానికి చేను ఇచ్చిన చెన్నమ్మ గారితో చిన్న వీడియో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టాను. చీరలు ఒకేచోట ఉంటే పందులు అలవాటు పడతాయని, తరచు చోటు మార్చాలని తేలిన సంగతిని ఆమె ఇలా చెప్పారు: “యాడ కట్టింది ఆడే ఉంటే పంది ఎందుకు భయపడతాది? నేను కొత్త చీర కట్టినా మా ఆయప్ప రెండో దినానికి తలెత్తి చూడడు. పందీ అంతే.”

3. వీడియో జిల్లా అంతా తిరిగింది. విడపనకల్లు రైతులు తమ చేలలో చేసి చూసి ఫోటోలు పంపారు. మూలల్లో పందులు దూరుతున్నాయని కొందరు తిట్టారు. ఆ తిట్లు న్యాయమైనవే. థీసిస్‌లో నాలుగో అధ్యాయం తిరిగి రాస్తున్నాను.

4. ఇంతలో తమ కార్యాలయం నుంచి మెమో వచ్చింది. సదరు పోలిక పరిశోధన గౌరవానికి, ఒక గృహస్థు పరువుకు భంగకరమట. వీడియో తీసేయనిదే నా పీహెచ్‌డీ వైవా జరగదట. అయ్యా, ఏళ్ల తరబడి ఎండలో పందుల అడుగులు కొలిచాను. మా వీధివాళ్లు అప్పుడే డాక్టరమ్మా అని పిలుస్తూ జ్వరం మాత్రలు అడుగుతున్నారు. ఇప్పుడు నేనేం చెప్పాలి?

5. భయపడి, మొగుడి మాట లేకుండా మళ్లీ చెప్పమని చెన్నమ్మ గారిని బతిమాలాను. “అది తీసేస్తే నేను చెప్పేది ఏముండాది? నువ్వే చెప్పుకో పో” అన్నారు. పరువు పోయిందని మెమోలో పేర్కొన్న ఆమె భర్త పుల్లన్న గారు అరుగు మీద నుంచి, “తీసేయొద్దు పాపా! సంతలో అందరూ నన్నే పిలిచి టీ ఇప్పిస్తాండారు” అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, “ఇప్పుడు చీర కూడా చూస్తాండా” అన్నారు.

కనుక వీడియోను ఉండనిచ్చి, నా మొర చిత్తగించి, వైవా తేదీ దయచేయించవలెను.

తమ విధేయురాలు,
లహరి

తా.క.: ఇది కవరులో పెడుతుండగా కళ్యాణదుర్గం పక్క ఊరి నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. “పాపా, చీరలు ఎంత ఎత్తున కట్టల్ల? మావోడు మీ యూనివర్సిటీలోనే రిజిస్ట్రారు. వాన్ని అడిగితే ఆ వీడియోనే చూడొద్దన్నాడు” అన్నారు. మోకాలెత్తు చాలని చెప్పాను. ఇంట్లో పాత చీరలు చాలడం లేదట. ఆదివారం ఊరికి వచ్చేటప్పుడు తమ శ్రీమతి గారివి నాలుగు తెమ్మని తమతో చెప్పమన్నారు.