నేను తీసేసిన సగం

రాజమల్లుకు,

ఫోనుల చెప్తే నీకు వినపడదని రాస్తున్న. మొన్న బడిల మీ అక్షితతోని నాటకం ఆడించిన ముసలమ్మను నేనే. పంతులమ్మగ రిటైరై, మనవరాళ్ల ఈడు పిల్లలతోని కూసొని నాటకాల కోర్సు చదువుతున్న, ఆ చదువు కోసమే మీ బడికి వచ్చిన. సీటు వచ్చింది గని బుద్ధి ఇంక రాలే.

"మీ ఇంట్ల చూసిందే చేసి చూపియ్యండి" అని పిల్లలకు చెప్పింది నేను. అక్షిత నిన్ను చేసింది. బట్ట నేసే సాంచెల మోతకు చెవులు పోయిన నాయన, చెవి కాడ చెయ్యి పెట్టి "ఏందే? గట్టిగ చెప్పు!" అని ఒర్రుడు. అందరు నవ్విన్రు. అందరికన్న గట్టిగ నవ్వింది నేను. ఆ నవ్వు నీకు వినపడకున్నా కనపడ్డది. లేచి పోయినవు. మరునాటి నుంచి బిడ్డను బడికి పంపుతలేవు.

అక్షిత తయారు చేసిన దాంట్ల ఇంకో సగం ఉండె. పని నుంచి వచ్చి నువ్వు దాని ముందు కూసుంటవట. అది పాఠం చదువుతుంటే, ఒక్క ముక్క వినపడకున్నా, దాని పెదవులే చూసుకుంట అయిపోయేదాక తల ఊపుతవట. రిహార్సల్ల అది అట్ల తల ఊపుతుంటే పిల్లలందరు గమ్మున చూసిన్రు. నేనే "ఇందుల మాటల్లేవు, జనం లేచి పోతరు" అని తీసేసిన. లేచి పోయింది నువ్వొక్కడివే.

నేను నేర్చుకునేటందుకు నీ ఇజ్జత్ తీసిన. అక్షితను కోపం చెయ్యకు, బడికి పంపు. నాటకం మల్ల వెయ్యాల్నా వద్దా నువ్వే చెప్పు. దానికన్న ముందు ఇంట్ల ఆ సగం ఒక్కసారి చేయించుకొని చూడు. అందుల వినవలసిన మాట ఒక్కటి లేదు.

తల ఎత్తలేక,
నాటకాల ముసలమ్మ