మెట్లకింది గది ఖాళీగా ఉందని నేను సంతకం చేయను

దివాలా ఆస్తుల అధికారిగారి సముఖమునకు, మూడంతస్తుల మేడకు మొన్నటిదాకా యజమాని, ప్రస్తుతము దివాలాదారు అయిన నేను వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మేడ మెట్లకింది గదిలో ఎవరూ లేరని నాచేత సంతకము చేయించబూనుట, అందుకు నా నిరాకరణ.

1. ఉన్న మేడను తాకట్టు పెట్టి రెండో మేడ మొదలుపెట్టితిని. రెండోది పునాదుల దగ్గరే ఆగినది, మొదటిది తమ స్వాధీనమైనది. ఆశ నాది, అప్పూ నాదే. ఈ విషయమై తమ మీద నాకు ఫిర్యాదు లేదు.

2. నేను కాపురమున్న పై అంతస్తుకు తాము సీలు వేసి, అద్దెలన్నీ తమ కార్యాలయములో కట్టవలెనని గేటుకు నోటీసు అంటించినారు. బాగున్నది. కాని ఇంట్లో ఏది పాడైనా ఎవరికి చెప్పుకొనవలెనో అందులో లేదు. అందువలన అద్దెలు తమకు, తిట్లు నాకు వచ్చుచున్నవి. రెండో అంతస్తులో ఉండే డ్రైవరుగారు నన్ను వీధిలో నిలబెట్టి, "ఓనరుగారూ, బాత్రూం పైపు కారుతోందండీ" అన్నారు. నేనిప్పుడు ఓనరును కానని చెప్పాను. "నాకు తెలుసండీ, పైపుకి తెలీదు కదా" అన్నారు. వెళ్ళి నేనే బిగించితిని. దివాలాదారు ఆస్తిని ముట్టరాదను తమ ఉత్తర్వును ఆ విధముగా ఉల్లంఘించితిని. మళ్ళీ కారితే మళ్ళీ ఉల్లంఘించెదను.

3. ఇక అసలు సంగతి. మెట్లకింది గదిలో బట్టలు కుట్టుకుని బతికే దర్జీ పిన్ని ఉంది. ఆమెకు అగ్రిమెంటు లేదు. "నీ చేతులు ఆడినన్నాళ్ళూ ఈ గది నీదే పిన్నీ" అని ఒకప్పుడు నేనన్న నోటిమాటే ఆమెకు ఆధారం. తమ గుమాస్తాగారు వచ్చి, "కాగితం లేనివాళ్ళు ఉన్నా లేనట్టే సార్. ఖాళీ మేడైతే వేలంలో మంచి ధర పలుకుతుంది. మీ అప్పు తీరుతుంది, దివాలా పేరూ పోతుంది. ఒక్క సంతకం పెట్టండి చాలు" అన్నారు. ఆయన ఆ మాటలు చెబుతున్నంతసేపూ లోపల కుట్టుమిషను ఆడుతూనే ఉంది. ఆయన చొక్కాకి ఊడిన గుండీని పిన్నే కుట్టి ఇచ్చింది. లేని మనిషి కుట్టిన గుండీ పెట్టుకుని ఆయన వెళ్ళిపోయారు.

4. నాకు ఆశ పుట్టలేదని అబద్ధమాడను. కలం మూత కూడా తీశాను. కానీ అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఆమె గదిని నేనెలా ఇచ్చేది? మేడ తీసుకున్నారు, తీసుకోండి. తమ జప్తు జాబితా మొత్తం చదివాను. నీళ్ళ మోటారు ఉంది, విరిగిన కుర్చీ ఉంది. నా సంతకం మాత్రం అందులో లేదు.

కావున తాము మేడను పిన్నితో సహా అమ్ముకొనవలెను. కొన్నవారికి నా నోటిమాటను కూడా ఒప్పజెప్పవలెను. ఈ అర్జీని చిత్తగించవలెనని వేడుకొనుచున్నానే గాని, కనికరించమని కోరుట లేదు.

ఈ ఒక్క విషయములో తప్ప
తమ విధేయుడు,
మేడ మాజీ యజమాని

తా.క.: పై అంతస్తుకు సీలు పడ్డాక నేనెక్కడ ఉంటున్నానని తమ గుమాస్తాగారు అడిగారు. మెట్లకింది గదిలోనే. పిన్ని మధ్యలో దుప్పటి కట్టి సగం గది నాకిచ్చింది. "ఊరికే వద్దు నాయనా, అద్దె కట్టు. ఊరికే ఉంటే రేపెవరైనా పొమ్మన్నప్పుడు నోరెత్తలేవు" అంది. నా నోటిమాటను మాత్రం నమ్మలేదు, అగ్రిమెంటు రాయించుకుంది. నకలు జతపరిచాను. కాబట్టి ఆ గదిలో ఇప్పుడు కాగితం ఉన్న అద్దెదారు ఒకడున్నాడు. పిన్ని అక్కడ లేకపోతే, ఆ అగ్రిమెంటులో ఇంటి ఓనరు అని వేలిముద్ర వేసింది ఎవరో తామే సెలవివ్వాలి.